ఆపదలో చేబదులు
(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతుళ్లం కాబట్టి చదువు సంగతే చెప్తామని మీరు అనుకొని వుంటారు. ఈసారి నీళ్ల సంగతి చెప్తాం. నీళ్లు రాని రోజున బడి కూడా నడవదు గదా! అయితే నీళ్లను పొదుపుగా వాడండి అని చెప్పడానికి నిలబడలేదు. ఆ మాట మీరు వెయ్యిసార్లు విన్నారు. ఒక ఊరి నీటి శాఖ వరదలోనో, తుపానులోనో, భూకంపంలోనో మూలబడితే ఇంకో ఊరి నీటి శాఖ వచ్చి దాన్ని నిలబెట్టడం అనే విషయం ఒకటి వుంది. అది ఎట్లా జరగాలి, ఎట్లా జరిగితే పనికిరాదు అన్నది ఈ పూట మనవి చేస్తాం.

మన ఇళ్లలో చక్కెర అయిపోతే పక్కింటికి గ్లాసు పంపుతాం. వాళ్లు నింపి ఇస్తారు. మన ఇంట్లో సరుకు వచ్చినాక అదే గ్లాసుతో తిరిగి ఇచ్చేస్తాం. దీన్నే తెలుగులో చేబదులు అంటారు. ధర్మం వేరు, చేబదులు వేరు. ధర్మం తీసుకున్నవాడు తల వంచుకుంటాడు. చేబదులు తీసుకున్నవాడికి ఆ అవసరం లేదు. ఎందుకంటే ఇవాళ మనది, రేపు వాళ్లది. ఉర్దూలో పొరుగువాణ్ణి హమ్‌సాయా అంటాం. సాయా అంటే నీడ. ఒకే నీడన కలిసి వుండేవాడు హమ్‌సాయా. ఊళ్లకు కూడా హమ్‌సాయాలు వుంటాయి. వాటి మధ్య కూడా చేబదులు నడవాలి. అయితే గ్లాసెడు చక్కెరకు కాగితం అక్కర లేదు. ఊరంతటి చేబదులుకు మాత్రం ముందుగా రాసుకున్న కాగితం కావాలి. మేము చెప్పదలచిన మాట ఇది ఒక్కటే. తక్కినదంతా దీనికి సాక్ష్యం.

మొదట నీళ్లు మన కుళాయి దాకా ఎట్లా వస్తాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఏటి దగ్గర పంపు హౌసు వుంటుంది. అక్కడ తోడిన నీళ్లలో పటిక కలిపి బురదను కిందికి దించుతారు. తర్వాత ఇసుక ఫిల్టర్ బెడ్ల గుండా వడకట్టి, క్లోరిన్ కలిపి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తారు. అక్కడి నుంచి వాల్వులు తిప్పి వీధి వీధికి వదులుతారు. ఇదంతా రావడం. పోవడం ఇంకో దారి. వాడిన నీళ్లు, మరుగుదొడ్ల నీళ్లు కాలువల్లోనో, భూగర్భ డ్రైనేజీ గొట్టాల్లోనో పోయి, పంపుల ద్వారా శుద్ధి కేంద్రానికి చేరాలి. రావడం ఒకటీ, పోవడం ఒకటీ అని మనం అనుకుంటాం గాని, భూమిలో ఈ రెండు గొట్టాలూ పక్కపక్కనే పడుకొని వుంటాయి.

అసలు ప్రమాదం అక్కడే వుంది. మంచినీళ్ల గొట్టం నిండుగా వుండి లోపల ఒత్తిడి వున్నంత సేపు, చిన్న పగులు వున్నా నీళ్లు బయటికి కారతాయే గాని బయటి మురికి లోపలికి రాదు. పంపు ఆగి గొట్టం ఖాళీ అయినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. చుట్టూ నిలిచిన మురుగునీరు ఆ పగుళ్లలో నుంచి లోపలికి చొరబడుతుంది. తర్వాత పంపు తిరిగినప్పుడు ఆ మురికి నేరుగా మన బిందెలోకి వస్తుంది. కలరా, టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు అట్లా వస్తాయి. అందుకే నీటి శాఖ మూలబడినప్పుడు రోజులు లెక్కపెట్టకూడదు, గంటలు లెక్కపెట్టాలి. ముందు పోయేవి పసిపిల్లల ప్రాణాలు, ముసలివాళ్ల ప్రాణాలు.

మన కర్నూలు వాళ్లకు ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి ఊళ్లోకి వచ్చినాయి. ఆ రోజుల్లో శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. చుట్టూ ఎంత నీరున్నా వరదలో మొదట కరువయ్యేది తాగేనీళ్లే అన్నది మన ఊరు చూసింది. మోటార్లు మునిగితే వాటిని విప్పి, ఆరబెట్టి, చుట్టలు మార్చాలి. గొట్టాల్లో బురద కడగాలి. ఇవి చేసేవాళ్ల ఇళ్లు కూడా అదే వరదలో మునిగి వుంటాయి గదా! పంపు ఆపరేటరు తన పిల్లల్ని మేడ మీదికి చేర్చుకుంటాడా, పంపు హౌసుకు వస్తాడా?

ఈ ప్రశ్నలోనే చేబదులు అవసరం వుంది. అన్నం పొట్లాలు ఎవరైనా కట్టగలరు. దుప్పట్లు ఎవరైనా పంచగలరు. మన సొసైటీలు, మసీదు కమిటీలు, గుళ్లవాళ్లు, చర్చీలవాళ్లు అందరూ ఆ పని చేస్తూనే వున్నారు. కాని ఫిల్టర్ బెడ్ ఎప్పుడు కడగాలో, క్లోరిన్ సిలిండరు కారితే ఏం చెయ్యాలో, పాత వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే తెరుచుకుంటుందో తెలిసినవాడు ఎక్కడ దొరుకుతాడు? ఇంకో ఊరి నీటి శాఖలోనే దొరుకుతాడు. వంద హెచ్.పి. మోటారు బజారులో అప్పటికప్పుడు దొరకదు. ఇంకో ఊరి పంపు హౌసులో అదనంగా పెట్టిన మోటారు వుంటుంది. కాబట్టి నీటి శాఖకు నిజమైన హమ్‌సాయా మరో నీటి శాఖే.

మరి మనసుంటే చాలదా, ఆపద వచ్చినప్పుడు పరుగెత్తి రారా అని అడగవచ్చు. వస్తారు. మనుషుల్లో ఆ మంచితనం తక్కువేమీ కాదు. కాని వచ్చినవాళ్లు ఉత్తచేతులతో నిలబడిపోయిన సందర్భాలు చరిత్రలో వున్నాయి. రెండు చెప్తాం.

అమెరికాలో బాల్టిమోర్ అనే నగరం వుంది. 1904 ఫిబ్రవరి 7న అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. సాయం కావాలని తంతి కొడితే వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నగరాల నుంచి అగ్నిమాపక యంత్రాలు రైళ్లెక్కి వచ్చినాయి. వచ్చి ఏం లాభం? వాళ్లు తెచ్చిన గొట్టాల మరలు బాల్టిమోర్ వీధుల్లోని నీటి హైడ్రాంట్లకు పట్టలేదు. నీళ్లు వున్నాయి, గొట్టాలు వున్నాయి, మనుషులు వున్నారు, మర మాత్రం కలవలేదు. సుమారు 30 గంటలు మంటలు మండి 1,500కు పైగా భవనాలు బూడిద అయినాయి. దాని తర్వాతే దేశమంతటికీ ఒకే కొలత మర వుండాలని ప్రమాణం పెట్టుకున్నారు.

పెట్టుకున్నారే గాని అన్ని ఊళ్లూ పాటించలేదు. 87 ఏళ్ల తర్వాత, 1991 అక్టోబరు 20న, కాలిఫోర్నియాలో ఓక్లాండ్ కొండల మీద కార్చిచ్చు లేచింది. మళ్లీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి యంత్రాలు వచ్చినాయి. ఓక్లాండ్ హైడ్రాంట్ల మూతి 3 అంగుళాలు. వచ్చినవాళ్ల గొట్టాల కొలత 2.5 అంగుళాలు. మధ్యలో తగిలించే జోడీ ముక్క వున్నవాళ్లు నీళ్లు పట్టుకున్నారు, లేనివాళ్లు వెతుక్కున్నారు. దీనికి తోడు కరెంటు పోయి నీటి పంపులు ఆగినాయి, కొండ మీది ట్యాంకులు ఖాళీ అయినాయి. ఆ మంటల్లో 25 మంది చనిపోయినారు. సుమారు 3,000 ఇళ్లు పోయినాయి. అంతటి నష్టానికి కారణం ఆ ఒక్క అరంగుళమే అని మేము అనం. గాలి వుంది, ఎండిన గడ్డి వుంది, ఇరుకు రోడ్లు వున్నాయి. కాని సాయానికి వచ్చినవాడి చేతిలో గొట్టం వుండి నీళ్లు పట్టుకోలేకపోవడం అన్నది ముందుగా కూర్చొని మాట్లాడుకుంటే తప్పిపోయే సంగతి. అది ఆపద నాడు తేల్చుకునే పని కాదు.

ఆ కాలిఫోర్నియా వాళ్లే తర్వాత ఒక దారి వేసినారు. అంతకు రెండేళ్ల ముందు, 1989 అక్టోబరు 17న, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. 63 మంది చనిపోయినారు. మెరీనా అనే పేటలో భూమిలోని నీటి గొట్టాలు పగిలిపోయి, మంటలు ఆర్పడానికి పడవలో నుంచి సముద్రపు నీళ్లు తోడి పొయ్యవలసివచ్చింది. ఇవన్నీ చూసిన తర్వాత ఆ రాష్ట్రంలోని నీటి సంస్థలు, మురుగునీటి సంస్థలు 1992లో ఒక ఒప్పందానికి వచ్చినాయి. వాళ్ల భాషలో దాన్ని వార్న్ అంటారు. నీటి, మురుగునీటి సంస్థలు ఆపదలో ఒకదానికొకటి స్పందించుకునే అల్లిక అని దాని అర్థం. ఆ తర్వాత ఫ్లోరిడా వాళ్లూ అటువంటిదే పెట్టుకున్నారు.

ఆ కాగితంలో ఏముందో చెప్తాం. మన దస్తావేజుల మాదిరి తికమక ఏమీ లేదు.

మొదటిది, ఎవరి మీదా బలవంతం లేదు. అడిగిన ప్రతిసారీ పంపాలని నియమం లేదు. మా ఊళ్లోనే ఇబ్బంది వుంది, ఇప్పుడు పంపలేం అని చెప్పే హక్కు వుంది. పంపిన తర్వాత కూడా సొంత ఊరికి ఆపద వస్తే మనుషుల్ని వెనక్కి పిలుచుకోవచ్చు.

రెండోది, అడగాలి. అడగకుండా ఎవరూ లారీలు వేసుకొని పోగూడదు. ఎందుకంటే పిలవకుండా వచ్చిన వందమందికి అన్నం, పడక, తాగేనీళ్లు చూడటమే మునిగిన ఊరికి ఇంకో ఆపద అవుతుంది. అడిగేటప్పుడు కూడా సాయం పంపండి అంటే చాలదు. ఇన్ని కిలోవాట్ల జనరేటరు ఒకటి, దాన్ని నడిపే మనిషి, ఇద్దరు ఫిట్టర్లు, ఇన్ని రోజులకు అని లెక్కగా అడగాలి.

మూడోది, ఎవరి మాట ఎవరు వినాలి. ఏ పని ముందు చెయ్యాలో సాయం అడిగిన ఊరు చెప్తుంది. కాని వచ్చిన పనివాళ్ల మీద అజమాయిషీ వాళ్ల మేస్త్రీదే, వాళ్ల జీతం వాళ్ల సంస్థదే. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఎవరు ఇవ్వాలో కూడా ముందే రాసి వుంటుంది.

నాలుగోది, ఖర్చు. సాయం పొందిన ఊరు తర్వాత లెక్క ప్రకారం చెల్లిస్తుంది. పనిగంటలు, డీజిలు, వాడిన సామాను అన్నిటికీ చిట్టా వుంటుంది. చూడండి, చేబదులు అంటే ఇదే. గ్లాసు నింపి తెచ్చినాం, గ్లాసు నింపి ఇచ్చినాం.

అయిదోది, దారి దగ్గరగా వుండాలి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సాయం పోవడానికి అమెరికాలో వేరే ఒప్పందం వుంది. దాన్ని 1996లో వాళ్ల పార్లమెంటు ఆమోదించింది. అది కదలాలంటే గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించాలి. వార్న్ ఒప్పందంలో ఆ వేచి వుండటం లేదు. ఒక నీటి సంస్థ ఇంజనీరు నేరుగా ఇంకో నీటి సంస్థ ఇంజనీరుకు ఫోను చేస్తాడు. ఒక పంపు హౌసు ఒక్కటి మునిగితే రాష్ట్రమంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించరు గదా! ఆ చిన్న ఆపదకు ఈ కాగితమే పనికొస్తుంది.

ఈ ఏర్పాటుకు పెద్ద పరీక్ష 2005 ఆగస్టు 29న వచ్చింది. కత్రినా తుపాను. న్యూ ఆర్లియన్స్ నగరంలో కట్టలు తెగి నూటికి 80 వంతులు నీట మునిగింది. అక్కడి పెద్ద మురుగునీటి శుద్ధి కేంద్రం కూడా మునిగింది. దేశానికి అటు కొసన వున్న పోర్ట్‌లాండ్ నగరపు నీటి శాఖ తన పనివాళ్లను పంపింది. ఫ్లోరిడా అల్లికలోని సంస్థలు పక్కన మిసిసిప్పీ తీరానికి పోయినాయి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఫ్లోరిడాను అంతకు ముందు ఏడు, 2004లో, నాలుగు తుపానులు ఒకదాని వెంట ఒకటి కొట్టినాయి. అప్పుడు వాళ్లలో వాళ్లు చేబదులు తీసుకొని నేర్చుకున్నారు. మరుసటి ఏడు ఇచ్చేవాళ్లయినారు. పుచ్చుకోవడం చేతనయినవాడికే ఇవ్వడం కూడా చేతనవుతుంది. కత్రినా తర్వాత, 2006లో, అమెరికా నీటి సంస్థల సంఘాలు కలిసి, ప్రతి రాష్ట్రంలోనూ ఇట్లాంటి అల్లిక వుండాలని ఒక పథకం రాసినాయి. ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ వుంది.

మురుగునీటి సంస్థల్ని కూడా ఇందులో ఎందుకు చేర్చినారని కొందరికి తోచవచ్చు. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను న్యూయార్క్, న్యూజెర్సీ తీరాన్ని కొట్టినప్పుడు శుద్ధి కేంద్రాలు మునిగి, మొత్తం 1,100 కోట్ల గ్యాలన్ల మురుగునీరు నదుల్లోకి, సముద్రంలోకి, వీధుల్లోకి పోయిందని లెక్క కట్టినారు. నీళ్లు తెచ్చే ఊరు బాగుపడి, మురుగు పోయే దారి మూసుకొని వుంటే, వచ్చిన నీళ్లే జబ్బు మోసుకొస్తాయి.

ఇక మన దేశం సంగతి. మన దగ్గర సాయం లేదని ఎవరన్నారు? బ్రహ్మాండమైన సాయాలు జరిగినాయి.

2016లో మహారాష్ట్రలోని లాతూరు పట్టణంలో నీళ్లు అడుగంటినాయి. సుమారు 340 కిలోమీటర్ల దూరంలోని మిరజ్ నుంచి రైలులో నీళ్లు పంపినారు. మొదటి రైలు ఏప్రిల్ 12న చేరింది. 10 వ్యాగన్లు, 5 లక్షల లీటర్లు. తర్వాత 50 వ్యాగన్ల రైళ్లు నడిచినాయి. కాని అంతకు ముందు రాజస్థాన్‌లోని కోటాలో వ్యాగన్లను ఆవిరితో కడిగి తీసుకురావలసివచ్చింది. మిరజ్‌లో నీళ్లు తొందరగా నింపడానికి పైపులైను వెయ్యవలసివచ్చింది. ఇదంతా దాహం మొదలైన తర్వాత చేసిన పని. మే నెలలో రైల్వే వాళ్లు సుమారు 4 కోట్ల రూపాయల లెక్క లాతూరు కలెక్టరు గారికి పంపితే పత్రికల్లో గగ్గోలు లేచింది. దాహంతో వున్నవాడికి బిల్లు పంపుతారా అని కొందరు. జిల్లా అధికారులు అడిగితేనే పంపినాం అని రైల్వే వాళ్లు. ఇందులో ఎవరిదీ దుర్మార్గం కాదు. ఖర్చు ఎవరిది అన్న ఒక్క వాక్యం మొదటి రైలు కదలకముందే అందరికీ తెలిసేటట్లు రాసి పెట్టి వుంటే ఆ గగ్గోలుకు చోటు వుండేది కాదు.

2019లో చెన్నై వంతు వచ్చింది. నగరానికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాకం నాలుగూ ఎండినాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్లతో వచ్చింది. అయితే మా వైపు నీళ్లు తీసుకుపోతే మా గతేమిటి అని ఆ ప్రాంతంలో నిరసన మాటలు కూడా వినిపించినాయి.

ఇదే చెన్నై విషయంలో ఇంకో సాయం వుంది. దానికి మన జిల్లాల గుండానే దారి. 1976 ఏప్రిల్‌లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టి.ఎం.సి. కృష్ణా నీళ్లు మద్రాసు దాహానికి ఇస్తామని ఒప్పుకున్నాయి. 1983లో తమిళనాడుతో ఆంధ్రప్రదేశ్ ఒప్పందం కుదిరింది. అదే తెలుగు గంగ. శ్రీశైలం నీళ్లు మన పోతిరెడ్డిపాడు దగ్గర కాలువ పట్టి, వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటి పూండికి చేరతాయి. 1996లో మొదటిసారి చేరినాయి. 2019 ఆగస్టులో తమిళనాడు మంత్రులు మన ముఖ్యమంత్రిని కలిసి నీళ్లు వదలమని అడిగినారు. సెప్టెంబరులో కండలేరు నుంచి వదిలినారు. అడగడానికి వాళ్లకు ముఖం ఎక్కడిది? ఆ పాత కాగితం వల్ల వచ్చింది. పంపడానికి మనకు దారి ఎక్కడిది? ఆ కాగితం వెంట తవ్విన కాలువ వల్ల వచ్చింది. రాసుకున్ననాడు పుట్టని పిల్లలు ఆ నీళ్లు తాగినారు. రైలు సాయానికీ ఈ సాయానికీ తేడా మీరే చూడండి.

ఇంకా చెప్పాలంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు కరెంటు స్తంభాలు కూలి నీటి పంపులు ఆగినాయి. 2018 ఆగస్టులో కేరళ వరదల్లో తెలంగాణ ప్రభుత్వం 25 కోట్ల రూపాయలతో పాటు రెండున్నర కోట్ల విలువగల నీటి శుద్ధి యంత్రాలు పంపింది. డబ్బుతో పాటు యంత్రం పంపినారు, అది తెలివైన సాయం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినప్పుడు, నీరు తీసినాక ఇళ్లలో బురద కడగడానికి అగ్నిమాపక యంత్రాలు దిగినాయి. బయటి మునిసిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులు వచ్చినారు. ఇవన్నీ మెచ్చుకోదగినవే. కాని ఈ సాయాలు చాలావరకు పైవాళ్ల ఉత్తర్వు వెంట కదిలినాయి. ఉత్తర్వు రావాలంటే ఆపద పెద్దది కావాలి, పత్రికలకెక్కాలి. చిన్న పట్టణంలో ఒక మోటారు కాలిపోయి నాలుగు పేటలకు నాలుగు రోజులు నీళ్లు లేకపోతే ఏ రైలూ రాదు. పక్క ఊరి ఇంజనీరే రావాలి. అతను రావాలంటే అతని చేతిలో ఒక కాగితం వుండాలి. లేకపోతే ఎవరి అనుమతితో మోటారు బయటికి పంపినావు అని రేపు ఆడిటు వాళ్లు అతణ్ణే అడుగుతారు. మంచి చెయ్యబోయిన మనిషి సంజాయిషీ రాసుకుంటూ కూర్చోగూడదు.

పనివాడి ప్రాణం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బయటి ఊరి కార్మికుడికి మన ఊరి మ్యాన్‌హోల్ ఎంత లోతో, లోపల ఏ గ్యాసు నిలిచిందో తెలియదు. ఆపద పేరు చెప్పి అతణ్ణి లోపలికి దించగూడదు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషుల్ని మురుగు గొట్టాల్లోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. సాయం చెయ్యడానికి వచ్చినవాడి శవాన్ని వాళ్ల ఊరికి పంపే గతి ఏ ఊరికీ పట్టగూడదు. అందుకే జెట్టింగ్ మిషనుతో పాటు దాన్ని నడిపే మనిషి రావాలి, ఆ లైన్ల పటం తెలిసిన మన మనిషి అతని పక్కన వుండాలి, ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిదో రాసి వుండాలి.

మా ఊరి నీళ్లే మాకు చాలవు, ఇంకొకరికి ఏమిస్తాం అని కొందరు అంటారు. న్యాయమైన మాటే. కాని చేబదులులో నీళ్లే ఇవ్వాలని లేదు. ఎక్కువగా ఇచ్చేది పని తెలిసిన చేతులు, జనరేటరు, మోటారు, గొట్టం ముక్కలు, క్లోరిన్. ఇవి పోయి తిరిగి వస్తాయి. పెద్ద ఊరు ఎప్పుడూ ఇచ్చేదిగా, చిన్న ఊరు ఎప్పుడూ పుచ్చుకునేదిగా వుంటుందేమో అని ఇంకొందరు అంటారు. అదీ నిజం కాదు. ఏరు పొంగితే మునిగేది ఏటి ఒడ్డున వున్న పెద్ద ఊరు. ఆ రోజు ఎత్తున వున్న చిన్న ఊరి ఇద్దరు ఫిట్టర్లే వాళ్లకు పెద్ద దిక్కు.

ఇక మన సొసైటీ ఏం చెయ్యాలి? నీటి శాఖ పని మనం చెయ్యలేం, చెయ్యగూడదు కూడా. కాని రెండు పనులు మన చేతిలో వున్నాయి.

ఒకటి, అర్జీ. మన కార్పొరేషను వారికి, చుట్టుపక్కల మునిసిపాలిటీల వారికి సొసైటీ తరపున మర్యాదగా ఒక విన్నపం రాద్దాం. ఎవరి దగ్గర ఏ మోటారు, ఏ జనరేటరు, ఎన్ని ట్యాంకర్లు వున్నాయో జాబితా వేసి ఏటేటా వానాకాలానికి ముందు సరిచూసుకోండి, ట్యాంకరు గొట్టం మూతులు ఒకదానికొకటి పడతాయో లేదో ఒకరోజు తగిలించి చూడండి, అర్ధరాత్రి ఎవరికి ఫోను చెయ్యాలో రాసుకోండి, ఖర్చు లెక్క ఒప్పుకోండి అని అడుగుదాం. ఇతర సంఘాల వాళ్లనూ దీని మీద సంతకం చెయ్యమందాం. కుళాయికి మతం లేదు గదా!

రెండోది, మన మొహల్లా లెక్క. షాదీలకు మన సొసైటీ దేగ్‌లు, షామియానాలు ఇస్తుంది. ఎవరు తీసుకున్నారు, ఎన్ని తీసుకున్నారు, ఎప్పుడు తెచ్చిచ్చినారు అని రిజిస్టరు వుంది. ఆ రిజిస్టరు వుండబట్టే ఇన్నేళ్లుగా ఒక్క దేగ్ మీద కూడా కొట్లాట రాలేదు. అదే పద్ధతిన ఇంకో రిజిస్టరు తెరుద్దాం. మన వీధుల్లో నీళ్లున్న బోర్లు ఎన్ని, వాటిలో తాగడానికి పనికొచ్చేవి ఎన్ని, జనరేటరు వున్న ఇళ్లు ఏవి, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు ఎవరు, మంచం మీద వున్న రోగులు, బాలింతలు ఏ ఇళ్లలో వున్నారు అని రాసిపెడదాం. బయటి ఊరి పనివాళ్లు వస్తే వాళ్లకు పడక ఎక్కడ, రెండు పూటలా రొట్టె ఎవరు చూస్తారు అన్నది కూడా అందులో వుండాలి. నీటి శాఖ వాళ్లు అడిగిన నాడు ఆ రిజిస్టరు వాళ్ల చేతికి ఇస్తాం. అడగకముందు అడ్డం పడం.

తల్లులకు ఒక్క మాట. వరద తర్వాత కుళాయి మళ్లీ వచ్చిన మొదటి రోజు నీళ్లు తెల్లగా కనిపించినా నమ్మవద్దు. కాసేపు వదిలేసి, తర్వాత పట్టి, కళపెళ మరిగించి చల్లార్చి తాగండి. నీళ్లలో క్లోరిన్ నిలిచి వుందో లేదో క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెతో చూస్తారు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు వుండాలి. వీధి చివరి కుళాయి దగ్గర చూపించండి అని అడగడం మన హక్కు. ట్యాంకు దగ్గర వుండటం కాదు, ఆఖరి ఇంట్లో వుండటం ముఖ్యం.

సోదరులారా, ఈ మాటలు ఎండాకాలంలో చెప్తే నవ్వుతారు, వానాకాలంలో చెప్తే తీరిక లేదంటారు. కాని కాగితం రాసుకోవడానికి తీరిక వుండేది ఆపద లేని రోజునే. మా బళ్లో మంటలు వచ్చినప్పుడు ఏ తలుపు గుండా పోవాలో పిల్లలకు మంటలు లేని రోజున నేర్పిస్తాం. ఊరు కూడా అట్లాగే నేర్చుకోవాలి. రిజిస్టరు పని కోసం నలుగురు యువకులు, ఇద్దరు సోదరీమణులు ఈ సభ ముగిసేలోగా కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వవలసిందని మనవి. అర్జీ ముసాయిదా మేము తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఇస్తాం. వచ్చే వానాకాలం లోపల రెండూ అయిపోవాలి.